కలిసి బొంత కుడదాం: ఆటా కునుకూ కలిసిన ఆరు ఆదివారాల పని

ఈ పనికి ఏం కావాలో ముందే చెప్పేస్తాను. రెండు పాత నూలు చీరలు, ఇంటింటి నుంచీ వచ్చిన జాకెట్టు ముక్కలు, ఒక డజను సూదులు, కాస్త లావుగా ఉండే దారం, నాలుగు గవ్వలు, ఆరు ఆదివారాల మధ్యాహ్నాలు. వీటన్నిటికంటే ముందు, నలుగురి మధ్య పట్టపగలు నేల మీద నడుం వాల్చడానికి ఒప్పుకునే మనుషులు కావాలి. గుడ్డలు తేలిగ్గానే దొరుకుతాయి, మనుషులను ఒప్పించడమే కష్టం, అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను.

మా అమ్మమ్మ ఇంటి అరుగు మీద బొంత కుట్టే మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తు. భోజనాలయ్యాక పాత చీరలు పరిచి నలుగురైదుగురు చుట్టూ కూర్చునేవారు, కుడుతూ కుడుతూ ఒకామెకి కళ్ళు మూతలు పడితే ఆ బొంత కొస మీదే తల పెట్టి పడుకునేది, ఆమె లేచేసరికి ఇంకొకామె ఒరిగేది, మేం పిల్లలం ఆ గుడ్డ కిందకి దూరి దాక్కుంటుంటే సూదులు గుచ్చుకుంటాయని కేకలేసేవాళ్ళు. కుట్టడం, ఆడుకోవడం, పడుకోవడం అన్నీ ఒకే గుడ్డ మీద జరిగేవి. ఇప్పుడు మనం కుట్టు నేర్చుకోవాలంటే క్లాసుకి, పిల్లలు ఆడుకోవాలంటే ఇంకో చోటికి వెళ్తున్నాం, నిద్ర సంగతి ఇక చెప్పక్కర్లేదు. అరుగు మీద నేను చూసిన ఆ పద్ధతినే మా వీధిలో మళ్ళీ మొదలుపెట్టాం, ఇప్పటికి రెండు బొంతలు పూర్తయ్యాయి. మీరూ ఎలా చేయొచ్చో రాస్తున్నాను.

ఎవరిని పిలవాలి, ఏమని పిలవాలి

‘మనసుకి మంచిది, స్ట్రెస్ తగ్గుతుంది రండి’ అని పిలవకండి. అలా పిలిస్తే నాకేమైనా జబ్బుందనుకుంటున్నారా అని కొందరు నొచ్చుకుంటారు, నిజంగా అవసరమున్న వాళ్ళు ముందే వెనక్కి తగ్గుతారు. ‘ఆదివారం రెండింటికి ఒక పాత చీర పట్టుకుని రండి, కాసేపు కూర్చుని బొంత కుడదాం’ అంటే చాలు. పది నుంచి పద్నాలుగు మంది వరకు సరిపోతారు. ఆడవాళ్ళే రావాలని లేదు, మా దగ్గర దారాలు ఎక్కించడానికని వచ్చిన ఒక రిటైర్డ్ మాష్టారు కుట్టు మొదలైన రెండో వారానికల్లా అందరికంటే నీటుగా కుట్టడం మొదలుపెట్టారు. వయసు మళ్ళినవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా తప్పక ఉండాలి, ఏడెనిమిదేళ్ళ పిల్లలు కూడా ఉండాలి, ఎందుకో కిందకి వెళ్ళాక మీకే తెలుస్తుంది.

ఇంట్లో మంచం పట్టినవాళ్ళను చూసుకునేవాళ్ళు, నైట్ డ్యూటీలు చేసేవాళ్ళు, చంటిపిల్ల తల్లులు మీ వీధిలో ఎవరున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. వాళ్ళు ‘నాకు తీరదు’ అంటారు, అది నిజమే కూడా. కాబట్టి పిలుపుతో పాటు సాయం కూడా పట్టుకెళ్ళాలి. ‘ఆ రెండు గంటలూ మీ అత్తగారి దగ్గర మా అమ్మాయి కూర్చుంటుంది’ అని చెప్పగలిగితేనే వాళ్ళు రాగలుగుతారు. ఈ ఏర్పాటు చేయకుండా పిలిస్తే, ఎలాగూ తీరిక ఉన్నవాళ్ళు మాత్రమే వచ్చి కూర్చుంటారు.

ముందు పడక, తర్వాతే కుట్టు

చోటు విషయంలో పట్టింపు లేదు. మేడ మీద గది, కమ్యూనిటీ హాలు, ఎవరింట్లోనైనా పెద్ద హాలు, ఏదైనా పర్వాలేదు, తలుపు మూసుకునే వీలుండాలి, ఫ్యాను ఉండాలి, చాపలు, జంబుఖానాలు, నాలుగైదు దిండ్లు ఉండాలి.

రెండు గంటల నుంచి నాలుగున్నర వరకు అనుకుంటే, మొదటి అరగంటా సూది ముట్టుకోవద్దు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పడుకోవాలి. వినడానికి తేలిక, చేయడానికి కాదు. మన ఇళ్ళలో ఆడమనిషి పగలు పడుకుంటే ఇంట్లో వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘ఒంట్లో బాలేదా?’ అని. జ్వరమొస్తే తప్ప పడుకోవడానికి కారణం ఉండదన్నట్టు పెరిగాం మనం, అందుకే మొదటి వారం అందరూ గోడకి ఆనుకుని కూర్చుని ‘నాకు పగలు నిద్ర పట్టదమ్మా’ అంటారు. అప్పుడు పిలిచినవాళ్ళు, అంటే మీరు, ముందు పడుకోవాలి. నిజంగానే కళ్ళు మూసుకుని పడుకోవాలి, లేచి లేచి టీ సంగతి చూడకూడదు. ఆ తర్వాత వయసులో పెద్దావిడ ఒకరు పడుకుంటారు. పెద్దావిడ పడుకున్నాక మిగతావాళ్ళకి బెరుకు పోతుంది. మా దగ్గర దీనికి మూడు వారాలు పట్టింది.

కర్టెన్లు వేసేయండి, లైట్లు తీసేయండి. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేసి మూల పెట్టండి. ఇంట్లో రోగిని వదిలి వచ్చినవాళ్ళ ఫోన్ మాత్రం పెద్ద సౌండు పెట్టి, ఆ సమయానికి మేలుకుని ఉండే ఒకరి చేతికివ్వండి, అప్పుడుగానీ వాళ్ళకి టెన్షన్ తగ్గదు. మేలుకుని ఉండే ఆ మనిషి ప్రతి వారం మారాలి. మగవాళ్ళ పక్కన పడుకోవడానికి ఆడవాళ్ళు ఇబ్బంది పడితే వేరే గది చూపించండి, లేదా ఆ అరగంట మగవాళ్ళు బయట వరండాలో పిల్లలను ఆడించే డ్యూటీ తీసుకుని, ఆడవాళ్ళు కుట్టుకి కూర్చున్నాక వాళ్ళు పడుకోవచ్చు. మేం ఇలాగే చేశాం, బాగా నడిచింది.

ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. మొదటి బొంత అప్పుడు సంక్రాంతి లోపు పూర్తి చేసేయాలని నేనే గడువు పెట్టాను. గడువు దగ్గర పడేకొద్దీ ముక్కలు ఇళ్ళకి పట్టుకెళ్ళి రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కుట్టడం మొదలైంది, ఒకావిడ రాత్రి పదకొండింటికి కుడుతూ వేలికి లోతుగా గుచ్చుకున్నారు, ఐదో వారం వచ్చేసరికి వచ్చినవాళ్ళు నలుగురే. విశ్రాంతి కోసమని పిలిచి వాళ్ళ నెత్తిన ఇంకో పని పెట్టాను. అప్పటి నుంచి ఒకటే నియమం, ముక్క గానీ సూది గానీ ఎవరూ ఇంటికి తీసుకెళ్ళకూడదు. ఆరు ఆదివారాలు అన్నది అంచనా మాత్రమే, ఎనిమిదైనా పర్వాలేదు.

గుడ్డలు చూసుకోవడం

మామూలు చీర ఆరు గజాలు, అంటే దాదాపు 18 అడుగుల పొడవు, 45 అంగుళాల పన్నా. దాన్ని పొడవులో మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవు, మూడు పొరల మందం వస్తుంది. ఒక మనిషి పడుకునేంత బొంతకి ఇది సరిగ్గా చాలు, కొలతలు తీసి కత్తిరించే పనే లేదు. పాతకాలం వాళ్ళు చీరలతో బొంతలు కుట్టడంలో ఉన్న సుళువు ఇదే. కింద పరుచుకోవడానికి ఇంకా మందంగా కావాలంటే రెండు చీరలతో ఆరు పొరలు వేయొచ్చు, కానీ ఆరు పొరల్లోంచి సూది లాగాలంటే పెద్దవాళ్ళ వేళ్ళు నొప్పెడతాయి. మొదటిసారికి మూడు పొరలే మేలు. రెండో చీర అంచు పట్టీలకి వాడుకుందాం.

నూలు చీరలే తీసుకోండి. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడినవైతే ఇంకా మంచిది. పాలియెస్టర్ చీర జారిపోతుంది, చెమట పీల్చదు. జరీ ఒంటికి గీసుకుంటుంది. వచ్చిన ప్రతి గుడ్డనీ విడిగా నానబెట్టి ఉతికి, రంగు దిగుతోందేమో చూడాలి. ఒక ఎర్ర జాకెట్టు ముక్కని చూడకుండా కలిపేసి ఒక మూలంతా గులాబీ రంగు చేసుకున్నాం మేము.

మొదటి ఆదివారం గుడ్డలు తెచ్చుకోవడానికే. బీరువాల్లో ప్రతి ఇంట్లోనూ పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు మడతలు విప్పకుండా పడుంటాయి, వాటికి మోక్షం ఇప్పుడే. ఎవరు ఏ గుడ్డ తెచ్చారో, అది ఎక్కడిదో చెప్పుకోమనండి, చెప్పాలనిపించినవాళ్ళే చెప్తారు. ఒకావిడ చనిపోయిన వాళ్ళ అమ్మ చీర తెచ్చారు. లేత ఆకుపచ్చ మీద సన్నని గళ్ళ మంగళగిరి చీర. తెచ్చారు గానీ కత్తెర పెట్టబోతే ఆవిడ చేయి ఆడలేదు. అప్పుడే తట్టింది, పొరలుగా పరిచే చీరకి కత్తెర అక్కర్లేదు కదా. ఆ చీర చీరగానే మూడు మడతలై బొంతలో ఉంది. ఇలాంటి చీర ఏదైనా వస్తే దాన్నే పొరలకి ఉంచండి.

మధ్యలో అష్టాచెమ్మా పటం

బెంగాల్‌లో కాంథా, మహారాష్ట్రలో గోధడి, కన్నడంలో కౌది, పేరేదైనా పాత గుడ్డల పొరలను చేతి కుట్టుతో కలపడమే. మన నిఘంటువుల్లో ‘కంథ’ అని చూస్తే బొంత అనే ఉంటుంది. ఒక్కో చోట ఒక్కో అందం. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ మహిళలు కుట్టే కవంది అనే బొంతలో నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న గుడ్డ పూలుంటాయి. మనం మన బొంతకి అష్టాచెమ్మా పెడదాం, అప్పుడు బొంత పరిచిన చోటల్లా ఆట ఉంటుంది.

అట్టతో 7 అంగుళాల చదరం ఒకటి కోసుకోండి. దాన్ని జాకెట్టు ముక్కల మీద పెట్టి గీసి 25 ముక్కలు కత్తిరించండి. నాలుగు వైపులా అర అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి ఒక్కో గడి 6 అంగుళాలొస్తుంది, ఐదు వరసల్లో ఐదేసి గళ్ళు కలిపితే 30 అంగుళాల పటం అవుతుంది. ఇది బొంత మధ్యలో సరిగ్గా కూర్చుంటుంది, పక్కలకి ఏడున్నర అంగుళాల చొప్పున, తలవైపూ కాళ్ళవైపూ 21 అంగుళాల చొప్పున ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో పిల్లలు వాళ్ళకి నచ్చిన ఆకారం కత్తిరించి అంటించుకోవచ్చు, మా బొంత మీద ఒక చేప, ఒక ఆటో, ఏమిటో ఎవరికీ అంతుపట్టని ఒక నీలం ఆకారం ఉన్నాయి. పెద్దవాళ్ళు వాటిని సరిచేయకూడదు. గళ్ళు కలిపే పనికి ఎవరింట్లోనైనా మిషన్ ఉంటే వాడేసుకోండి, దాంట్లో తప్పేం లేదు.

ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో నేల మీద పేర్చి చూసుకోవడం రెండో ఆదివారం పని, నిజానికి అది పని కాదు, ఆటే. గంటసేపు ముక్కలు అటూ ఇటూ మారుస్తూనే ఉంటారు, వాదించుకుంటారు, నవ్వుకుంటారు. తొందరపెట్టకండి. డిజైన్ తెలిసిన ఒక్కరే అన్నీ నిర్ణయించేస్తే మిగతావాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారు, కాబట్టి ఎవరి ముక్క వాళ్ళే పెట్టాలి, ఒకసారి పెట్టాక ఒక్కసారి మాత్రమే మార్చుకోవాలి అని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం.

అష్టాచెమ్మాలో ఇంటూ గుర్తున్న గళ్ళు ఐదు, నాలుగు అంచుల మధ్య గడి ఒక్కొక్కటి, నడిబొడ్డున ఒకటి. అంచు మీది ఇంటూ గడిలో కాయ ఉంటే దాన్ని ఎవరూ చంపలేరు, నడి గడికి చేరితే కాయ పండినట్టే. ఈ ఐదు గళ్ళకి ముక్కలు ఎవరివి పెట్టాలన్నది మేం కాస్త ఆలోచించి చేశాం. ఈ మధ్య బాగా అలసిపోయిన ఇళ్ళ ముక్కలు అక్కడ పెట్టాం, అందరి ముందూ పేర్లు చెప్పకుండా, ముందు రోజు విడిగా వెళ్ళి అడిగి. మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటున్న ఒకావిడ ఆ గడి తనదని ఇప్పటికీ మనవలకి చూపిస్తారు. ఇంటూ గుర్తు లావు ఎర్ర దారంతో కుట్టండి, దూరం నుంచి కూడా కనిపించాలి.

పొరలు పరిచి కుట్టడం

మూడో ఆదివారం నేల శుభ్రంగా తుడిచి, చీర మూడు మడతలు పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టండి. అరచేత్తో మధ్య నుంచి అంచులకి నిమురుతూ ముడతలు తీయాలి, దీనికి నలుగురు నాలుగు వైపులా ఉంటే సుళువు. పైన పటం పెట్టి, జానెడేసి దూరంలో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసేయండి, ఇవి తర్వాత తీసేసేవే. కచ్చా కుట్టు బద్ధకించి వదిలేస్తే పొరలు జారి పటం వంకరపోతుంది, దీన్ని మాత్రం వదలొద్దు.

అసలు కుట్టు చాలా తేలిక, సూది కిందికీ పైకీ పోతుంది అంతే. సిద్దీల పద్ధతిలో అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వస్తారు. మనకి మధ్యలో ఆట పటం చదునుగా ఉండాలి కాబట్టి పటం గళ్ళ గీతల మీద ముందు కుట్టి, అక్కడి నుంచి రెండు వేళ్ళ వెడల్పు దూరంలో ఒక్కో వరసా బయటికి పోవాలి. జంట పోగు వాడితే మొత్తం 200 గజాల దారం దగ్గర ఉంచుకోండి. ఒకసారికి చేయి చాపినంత పొడవే తుంచుకోవాలి, బారెడు తీసుకుంటే చిక్కు పడుతుంది. చివరికి రెండో చీర నుంచి 4 అంగుళాల పట్టీలు తీసి చుట్టూ అంచు మడిచి కుట్టేయండి.

ఈ బొంత చుట్టూ హాయిగా కూర్చోగలిగేది ఆరుగురే, పొడవు వైపులా ఇద్దరేసి, తలవైపూ కాళ్ళవైపూ ఒక్కొక్కరు. పద్నాలుగు మంది వస్తే ఎనిమిది మంది ఖాళీ. మొదట్లో ఇది ఇబ్బంది అనుకున్నాను, తర్వాత ఇదే మాకు బాగా కలిసొచ్చింది. ఆ ఎనిమిది మందిలో ఒకరు టీ పెడతారు, ఇద్దరు గవ్వలాడతారు, ఒకరు చంటిపిల్లని ఎత్తుకుంటారు, ఇంకొకరు ఇంకా పడుకునే ఉంటారు, పని చేయకుండా కూర్చున్నానన్న బాధ ఎవరికీ ఉండదు ఎందుకంటే అసలు చోటే లేదు కదా. ఇరవై నిమిషాలకోసారి మారండి. కొందరు లేవరు, ‘ఈ వరస అయిపోనీ’ అంటారు. వాళ్ళనే ముందు లేపాలి.

కుట్లు ఒకరివి చిన్నవిగా, ఒకరివి పెద్దవిగా, కొన్ని వంకరగా ఉంటాయి. ఎవరి కుట్టూ ఊడదీసి మళ్ళీ కుట్టకండి. చేతులు వణికే ఒక పెద్దాయన కుట్టిన వరస మా బొంతలో అల మాదిరి ఉంటుంది, దాన్ని సరిచేసి ఉంటే ఆయన తర్వాతి వారం వచ్చేవారు కాదు.

సూదులు, పిల్లలు, చిరుతిళ్ళు

పిల్లల చూపు పదునుగా ఉంటుంది, పెద్దవాళ్ళకి సూది బెజ్జం కనిపించదు. కూర్చునే ముందు పిల్లలు పన్నెండు సూదులకీ దారం ఎక్కించి ఒక దిండుకి గుచ్చి పెడతారు, ‘నాకో సూది ఇవ్వమ్మా బంగారం’ అని తాతలూ బామ్మలూ అడుగుతుంటే ఆ పిల్లల ముఖాలు చూడాలి. మొదలెట్టే ముందు సూదులు లెక్కపెట్టి గోడ మీద కాగితంపై రాయండి, లేచే ముందు మళ్ళీ లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా ఎవరూ కదలకూడదు, అయస్కాంతం పెట్టి వెతకండి. పిల్లలు దొర్లే గుడ్డ అది.

తినడానికి మరమరాలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, మజ్జిగ. నూనె పలహారాలు వద్దు, మరకలు పోవు. వంతులేసుకుని గొప్పగా వండి తేవడం మొదలైతే ఆపేయండి, అది కూడా పని అయిపోతుంది.

మనసు బరువెక్కితే

చేతులు పనిలో ఉన్నప్పుడు, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడక్కర్లేనప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. ఎవరైనా ఏడిస్తే చుట్టూ మూగొద్దు, సలహాలివ్వొద్దు, పక్కన కూర్చున్నవాళ్ళు సూది తీసి పక్కన పెట్టి మంచినీళ్ళివ్వండి. విన్నది గది దాటకూడదని మొదటి రోజే అందరికీ గట్టిగా చెప్పాలి, వీధిలో ఒక్క మాట బయటికి పొక్కినా ఆ మనిషి ఇంక రారు. మాట్లాడని వాళ్ళని ‘ఏంటి డల్‌గా ఉన్నావ్’ అని గుచ్చి అడగకండి. వారాల తరబడి నిద్రా తిండీ లేకుండా ఉన్నారనిపిస్తే, బతకాలని లేదన్నట్టు మాట్లాడితే, అది బొంత పని కాదు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు, ఆ ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోండి, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్ళండి.

పూర్తయ్యాక

కచ్చా కుట్లు లాగేసి, చల్లటి నీళ్ళలో విడిగా ఉతికి ఎండలో ఆరేయండి. తడిస్తే చాలా బరువెక్కుతుంది, పిండడానికి ఇద్దరుండాలి. ఆ రోజు దాని మీదే అష్టాచెమ్మా ఆడండి, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, ఆట రానివాళ్ళకి పెద్దవాళ్ళు నేర్పుతారు.

ఈ బొంత ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. మా దగ్గర అది ఎవరిదీ కాదు, ఇళ్ళు తిరుగుతుంది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్ళకి, పురిటికొచ్చిన అమ్మాయికి, పరీక్షలైపోయిన పిల్లాడికి, ఎవరికి అవసరమైతే వాళ్ళింటికి వెళ్తుంది, అవసరం తీరాక ఉతికి తిరిగిస్తారు. ఎవరూ అడగనప్పుడు ఎండు వేపాకు వేసి ఒక ఇంట్లో బీరువాలో ఉంచుతాం. చిరిగితే దాచకుండా తెచ్చివ్వాలి, చిరుగు మీద ఆ ఇంటి గుడ్డ ముక్కే ఒకటి వేసి కుట్టేస్తాం. మా మొదటి బొంత మీద అలాంటి ముక్కలు ఇప్పటికి మూడున్నాయి, నాలుగోది వచ్చే ఆదివారం వేయాలి.